వారసుడి చేతికి రాజ్యం: అయిదేళ్లు ఆడాక క్రూసేడర్ కింగ్స్ 3 గురించి

ఈ కంప్యూటర్ ఆటలో నా మొదటి రాజు పోయిన రోజున ఖజానాలో 430 బంగారం ఉంది. ఐర్లాండ్ మొత్తానికీ రాజు అనిపించుకోవాలంటే ద్వీపంలో సగానికి పైగా కౌంటీలు (మన తాలూకాల్లాంటి చిన్న భూభాగాలు) చేతిలో ఉండాలి, ఆ పైన 500 బంగారం కట్టాలి. కౌంటీలు ఉన్నాయి. బంగారం 70 తక్కువైంది. ఇంకొక్క ఏడాది గడిస్తే పన్నుల్లోనే వచ్చేసేది. ఈలోపు ముసలాయన మంచం పట్టాడు, పోయాడు. పంపకాల పట్టీ తెరుచుకుంది. పెద్ద కొడుక్కి మన్‌స్టర్, రెండోవాడికి లెయిన్‌స్టర్. రెండూ ఒకే హోదా ఉన్న టైటిళ్లు, అంటే ఏలే పదవులు, కాబట్టి రెండోవాడు అన్న కింద సామంతుడు కూడా కాదు, పూర్తిగా స్వతంత్రుడు. ముప్పై ఏళ్లు ఒక్కో కౌంటీ కూడబెట్టి కట్టిన రాజ్యం ఒక్క క్లిక్కుతో రెండు ముక్కలైంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అప్పటికి ఆట మొదలుపెట్టి వారం అయింది. ఇప్పుడు అయిదేళ్లు దాటింది, గంటల లెక్క పదకొండు వందల దగ్గరుంది. ఇన్నాళ్లలో ఆటలో చాలా మారింది, నేను ఆడే తీరూ మారింది. కానీ ఆ మొదటి వారంలో అర్థమైనది మాత్రం మారలేదు. రాజ్యం గెలవడం ఇందులో పెద్ద పని కాదు. దాన్ని ముక్కలు కాకుండా తర్వాతి తరానికి అందించడమే అసలు పని. ఈ సమీక్ష ఎక్కువగా దాని గురించే.

క్రూసేడర్ కింగ్స్ 3 ని స్వీడన్‌లోని పారడాక్స్ డెవలప్‌మెంట్ స్టూడియో తయారుచేసింది. కంప్యూటర్ల మీద 2020 సెప్టెంబర్ 1న వచ్చింది, 2022లో కొత్త తరం కన్సోళ్లకు కూడా వచ్చింది. నేను కంప్యూటర్ మీదే ఆడాను. ఆట 867లో గానీ 1066లో గానీ మొదలవుతుంది. తర్వాత వచ్చిన ఒక విస్తరణతో (ఆటకు విడిగా కొనుక్కునే అదనపు భాగం) 1178 కూడా చేరింది. ఎక్కడ మొదలుపెట్టినా ముగింపు మాత్రం 1453, కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిన ఏడు. మ్యాప్‌లో మొదటినుంచీ ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, మధ్య ఆసియా, భారతదేశం ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో వచ్చిన విస్తరణతో చైనా, జపాన్, ఆగ్నేయాసియా కూడా చేరాయి.

మనలో చాలామందికి రాజ్యాల ఆట అంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి, గొర్రెల్ని కోసి, చెట్లు నరికి, కోటలు కట్టి ఆడినవాళ్లమే. అందులో రాజు అంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు, పైనుంచి చూసే మనమే రాజు. క్రూసేడర్ కింగ్స్‌లో అలా కాదు. ఇక్కడ మీరు ఒక మనిషి. ఆ మనిషికి పేరుంది, వయసుంది, భార్య ఉంది, పడని తమ్ముడున్నాడు, పోయిన ఏడాది విందులో అవమానపడి ఇంకా మరిచిపోని సామంతుడున్నాడు. ఆ మనిషి చనిపోతే మీరు అతని వారసుడైపోతారు. మీ వంశం వాడు వారసుడిగా లేకపోతే ఆట అక్కడితో అయిపోయినట్టే. కాబట్టి మీరు నడిపేది రాజ్యాన్ని అనడం కన్నా ఒక వంశాన్ని అనడం సరైన మాట.

కొత్తవాళ్లకు ఆట 1066 నాటి ఐర్లాండ్‌ను చూపించి, మన్‌స్టర్ చిన్న రాజు ముర్‌హాద్‌తో మొదలుపెట్టమంటుంది. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రియన్ బోరు మనవడు ఇతను. మంచి ఎంపిక. చుట్టూ ఉన్నవాళ్లంతా మన స్థాయివాళ్లే, పెద్ద రాజ్యాలకు సముద్రం అడ్డం. మత పెద్దను పక్క కౌంటీకి పంపి, పాత దస్తావేజులు వెతికినట్టు ఒక క్లెయిమ్, అంటే ఆ భూమి మాదేనన్న హక్కు, తయారు చేయించుకోవడం, దాన్ని చూపించి యుద్ధం ప్రకటించడం, గెలవడం, మళ్లీ ఇంకో కౌంటీ మీద పడటం. మొదటి రెండు మూడు గంటలు ఇలా సాఫీగా సాగిపోతాయి. అన్నీ అర్థమైపోయాయి అనిపిస్తుంది. అప్పుడు రాజు చనిపోతాడు.

పంపకాల పద్ధతిని ఆటలో కన్ఫెడరేట్ పార్టిషన్ అంటారు. ఎక్కువమంది దీంతోనే మొదలవుతారు. తండ్రి చేతిలో ఉన్న టైటిళ్లు కొడుకుల మధ్య విడిపోతాయి. అంతటితో ఆగదు. ఇంకో సమాన హోదా టైటిల్ పుట్టించడానికి సరిపడా భూమి తండ్రి దగ్గర ఉంటే, ఆట తానే ఆ టైటిల్ పుట్టించి రెండోవాడికి ఇచ్చేస్తుంది. మీరు ఎంత బాగా గెలిస్తే మీ కొడుకులు అంత బాగా విడిపోతారన్నమాట.

ఇది నన్ను ఎందుకంత పట్టేసిందో చెప్తాను. మా తాతగారికి గుంటూరు జిల్లాలో ఆరెకరాల మాగాణి ఉండేది. ముగ్గురు కొడుకులు. ఆయన పోయాక తలా రెండెకరాలు వచ్చాయి, మధ్యలో రెండు గట్లు వచ్చాయి. బోరు ఎవరి వాటాలో పడాలన్న దాని మీద మా నాన్న, బాబాయి మూడేళ్లు మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ఆటలో పంపకాల పట్టీ తెరుచుకోగానే అది నాకు అంకెల పట్టికలా కనిపించలేదు. రెండోవాడికి ఏం దక్కింది, మూడోవాడు ఎందుకు గుర్రుగా ఉన్నాడు, ఎవడి పక్కన ఏ మేనమామ చేరాడు అని చూడటం దానంతట అదే వచ్చేసింది. మన భాషలో దాయాది అన్న మాటకు బంధువు అన్న అర్థం ఎంత ఉందో, పోటీదారు అన్న అర్థమూ అంతే ఉంది. ఈ ఆట ఆ మాట మీదే నడుస్తుంది.

తర్వాతి రోజుల్లో పంపకాల్ని తట్టుకునే దారులు ఒక్కోటీ నేర్చుకున్నాను. మొదటిది తేలిక: రాజు బతికుండగానే పైహోదా టైటిల్ సంపాదించడం. డ్యూక్ స్థాయిలో, అంటే కౌంటీకి పైన, రాజ్యానికి కింద, మన్‌స్టర్ చిన్న రాజు ఉన్న మెట్టులో, రెండు టైటిళ్లుంటే అన్నదమ్ములిద్దరూ స్వతంత్రులవుతారు. ఆ పైన రాజ్యం టైటిల్ ఒకటుంటే అది పెద్దవాడికి వెళ్తుంది, తమ్ముళ్లు వాళ్ల వాటాలతో అతని కింద సామంతులుగా ఉంటారు. భూమి విడిపోతుంది గానీ రాజ్యం విడిపోదు. ఆ 70 బంగారం అందుకే నన్ను అంత బాధపెట్టింది.

రెండోది కొడుకుల్ని తగ్గించుకోవడం. వినడానికి కటువుగా ఉంది. చంపడమే దారి అనుకోకండి. క్రైస్తవ రాజుగా ఉంటే చిన్న కొడుకుని సన్యాసం తీసుకోమని అడగొచ్చు, ఒప్పుకుంటే అతను వారసత్వం నుంచి తప్పుకుంటాడు. వంశ పెద్దగా ఉంటే రినౌన్ ఖర్చుపెట్టి ఒకణ్ణి వారసత్వం నుంచి తీసేయొచ్చు. రినౌన్ అంటే వంశం మొత్తం తరాలుగా కూడబెట్టే పేరు, అది ఊరికే రాదు. ఈ దారి నేను రెండేసార్లు వాడాను.

ఒకరోజు రాత్రి మా అమ్మ మంచినీళ్లకి లేచి, నా వెనక నుంచుని వంశవృక్షం చూసింది. ఎవరు ఎవరి పిల్లలో అడిగి తెలుసుకుని, "ముగ్గురు కొడుకులున్నారు కదా, మళ్లీ ఆయనకి రెండో పెళ్లెందుకు చేశావు నాన్నా?" అంది. అప్పటిదాకా నాకు తట్టలేదు. రాణి చనిపోతే, రాజు ఒంటరిగా ఉండకూడదని, బలమైన వియ్యంకుడు దొరుకుతాడని, ఇరవై ఏళ్ల అమ్మాయిని తెచ్చి పెళ్లి చేస్తున్నాను. ఆ పెళ్లికి ఇంకో ముగ్గురు పుడుతున్నారు, పంపకాలు ఆరు ముక్కలవుతున్నాయి. అప్పటినుంచి వారసులు సరిపడా ఉంటే రెండో పెళ్లికి నలభై అయిదు దాటిన, పరిపాలన బాగా తెలిసిన ఆమెను చూస్తున్నాను. ఇందులో రాణి కూడా కౌన్సిల్‌లో ఉంటుంది, ఆమె ప్రతిభలో కొంత రాజుకు కలుస్తుంది. కాబట్టి ఇది నష్టం బేరం కాదు.

మూడో దారి ఐరిష్ లాంటి కొన్ని సంస్కృతుల్లోనే దొరుకుతుంది. టానిస్ట్రీ అంటారు. రాజు తర్వాత ఎవరన్నది వంశంలోని వాళ్లలోంచి సామంతులు ఎన్నుకుంటారు. ఇది దొరికినప్పుడు గండం గడిచిందనుకున్నాను. రాజ్యం టైటిల్‌కు ఈ చట్టం పెట్టాను. నా రాజు ముసలివాడయ్యాక చూస్తే సామంతులంతా నా కొడుకుని వదిలేసి, నా చిన్న తమ్ముడి కొడుకుని ఎన్నుకున్నారు. వయసులో పెద్దవాడు, యుద్ధాల్లో పేరున్నవాడు. రాజు పోయాడు, నేను ఆ తమ్ముడి కొడుకునయ్యాను. కిరీటం నా తల మీదే ఉంది. కానీ ఎన్నిక వర్తించింది కిరీటానికే. తాతల నాటి కౌంటీలన్నీ మామూలు పంపకాల ప్రకారం పోయిన రాజు కొడుకులకు వెళ్లాయి. రాజధాని లేదు, సొంత పన్ను లేదు, సొంత సైన్యం పిడికెడు. నిన్నటిదాకా నేను ముద్దుగా పెంచి, మంచి గురువుని పెట్టి చదివించిన పిల్లలే ఇప్పుడు నాకు అందరికన్నా బలమైన సామంతులు, నన్ను దించడానికి ముఠా కట్టినవాళ్లు. ఇన్నేళ్లలో నేను ఆడిన అన్ని ఆటల్లోనూ అంత గొప్ప పదిహేనేళ్లు ఇంకెక్కడా రాలేదు. ఎవరూ రాసిపెట్టిన కథ కాదది. చట్టాలు, మనుషుల స్వభావాలు కలిసి తయారైంది.

స్వభావాల గురించి ఆగి చెప్పాలి. ప్రతి మనిషికీ పెద్దయ్యేసరికి సాధారణంగా మూడు గుణాలు వస్తాయి. దయ, కోపం, పిసినారితనం, సిగ్గు, నిజాయితీ ఇలా. ఆ గుణానికి ఎదురు వెళ్లి మీరు ఏదన్నా చేయిస్తే అతనికి స్ట్రెస్ పెరుగుతుంది. దయగల రాజు చేత ఖైదీని ఉరి తీయించొచ్చు, ఆట అడ్డుపడదు. కానీ ఆ బరువు అతని మీద పడుతుంది. పిసినారి దానం చేస్తే కూడా అంతే. స్ట్రెస్ ఒక హద్దు దాటినప్పుడల్లా మనిషి లోపల ఏదో తెగుతుంది, ఉపశమనం కోసం ఒక అలవాటు పట్టుకుంటాడు. తాగుడు, తనను తాను కొరడాతో కొట్టుకోవడం, అందరికీ దూరంగా ఉండటం.

నాకు కాన్‌హోవర్ అనే రాజు ఉండేవాడు. దయగలవాడు. తండ్రి కాలం నుంచి కుట్రలు చేస్తున్న ముగ్గురు సామంతులు తిరగబడి ఓడిపోయి చెరసాలలో ఉన్నారు. వాళ్లను వదిలేస్తే రేపు మళ్లీ లేస్తారు. భయం పుట్టించాలంటే, ఆటలో డ్రెడ్ అంటారు దాన్ని, కొందరి తలలు తీయాల్సిందే. లెక్క ప్రకారం అదే సరైన పని, చేశాను. ఏడాదిలో అతను తాగుబోతయ్యాడు. ఇందులో మనుషుల బొమ్మలు వయసుతో పాటు మారతాయి. జుట్టు నెరుస్తుంది, ముఖం వాడుతుంది. పదహారేళ్లకు గద్దెనెక్కినప్పుడు చూసిన ఆ కుర్రాడి ముఖం, నలభై ఏళ్లకు అదే ముఖం. నాకు అతని మీద చాలా జాలి వేసింది. తర్వాత ఇంకెప్పుడూ దయగల రాజు చేత అలాంటి పని చేయించలేదు. బదులుగా వాళ్ల రహస్యాలు పట్టుకోవడం నేర్చుకున్నాను. స్పైమాస్టర్ (గూఢచారుల పెద్ద) చేత రహస్యాలు వెతికిస్తే, ఒకడి గుట్టు తెలిస్తే, దాంతో అతని మీద ఒక హుక్, అంటే లొంగదీసుకునే పట్టు, వస్తుంది. గట్టి హుక్ ఉన్న సామంతుడు మీ మీద లేచే ముఠాలో చేరలేడు. చంపడం కన్నా ఇది మెరుగు.

హత్యల మాట వచ్చింది కాబట్టి, అవును, ఈ ఆటలో అన్నిరకాల పాపాలూ చేయొచ్చు. బయట దీనికి ఎక్కువ పేరు తెచ్చిందే అది. అన్న కొడుకుని చంపించి, మావగారికి విషం పెట్టి రాజ్యం పట్టారన్న కథలు ఆటగాళ్లు బాగా చెప్పుకుంటారు. నేను తమ్ముణ్ణి ఒక్కసారి చంపించాను. గుట్టు బయటపడింది, రక్తసంబంధీకుణ్ణి చంపినవాడన్న ముద్ర పడింది, చుట్టాలందరి అభిప్రాయం పడిపోయింది. శిక్ష కన్నా నాకు ఎక్కువ గుర్తున్నది, ఆ తమ్ముడి ఎనిమిదేళ్ల కూతురు నా కొలువులోనే పెరగడం. పెద్దయ్యాక ఆమె నామీద కుట్ర చేసి పట్టుబడింది. నేను వదిలేశాను.

యుద్ధాల భాగం దీనితో పోలిస్తే పలచన. రెండు రకాల బలం ఉంటుంది. ఊళ్ల నుంచి వచ్చే లెవీ సైనికులు, డబ్బుపెట్టి పోషించే మెన్ అట్ ఆర్మ్స్. రెండోవాళ్లే గెలిపిస్తారు. ఈటెలవాళ్లు గుర్రాల దళాన్ని ఆపుతారు, భారీ కవచాలవాళ్లు ఈటెలవాళ్లను చితక్కొడతారు, తేలికపాటి గుర్రాలు విలుకాళ్ల మీదికి వెళ్తాయి. కొండ మీద కాచుకున్నవాణ్ణి నది దాటి కొట్టకూడదు. ఇవి తెలిస్తే చాలు, మిగతాదంతా సైన్యాన్ని ఒక్కచోట చేర్చి తిప్పుకోవడమే. మొదటి వంద గంటల తర్వాత యుద్ధం ఓడిపోవడం అరుదు. యుద్ధ వ్యూహాల కోసమే ఆడేవాళ్లు నిరాశపడతారు.

నా అసలు ఫిర్యాదు వేరే. రాజ్యం సామ్రాజ్యమయ్యాక ఆటలో బిగువు తగ్గిపోతుంది. సామ్రాజ్యం టైటిల్‌కు 1000 బంగారం కావాలి, దాని కింది భూమిలో చాలా భాగం చేతిలో ఉండాలి. మూడు నాలుగు తరాల్లో అక్కడికి చేరిపోతాం. ఈలోపు పంపకాల చట్టం కూడా మెరుగవుతుంది. మన సంస్కృతి కొత్త ఆవిష్కరణలు నేర్చుకునే కొద్దీ మామూలు పార్టిషన్ వస్తుంది, కొత్త టైటిళ్లు పుట్టించడం ఆగిపోతుంది. తర్వాత హై పార్టిషన్ వస్తుంది, పెద్దవాడికి కనీసం సగం ఖాయం. చివరి యుగంలో పెద్దకొడుక్కే అంతా ఇచ్చే చట్టం వస్తుంది. చారిత్రకంగా ఇది సరిగ్గానే ఉంది. కానీ ఆటగాడిగా నాకు దుఃఖం ఏమిటంటే, దాయాదుల భయం పోయిన రోజునే ఆట ప్రాణమూ పోతుంది. 1066లో మొదలుపెట్టిన ఆటల్లో 1453 దాకా నేను లాగినవి రెండే. మిగతావన్నీ 1250, 1300 దగ్గర ఆపేసి కొత్త వంశం ఎత్తుకున్నాను.

ఇంకొకటి, తెర మీద వచ్చే చిన్న సంఘటనల కథలు. మొదటి రెండు వందల గంటల్లో ఒక్కోటీ చదివి ఆనందించాను. తర్వాత అవే వస్తాయి. వేటలో కనిపించే దుప్పి, విందులో గొడవపడే ఇద్దరు, పిల్లవాడి పెంపకంలో అడిగే ప్రశ్నలు. ఇప్పుడు చదవకుండానే నొక్కుతున్నాను, అది మంచిది కాదని తెలిసి కూడా.

విస్తరణల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. అన్నీ కలిపి కొంటే అసలు ఆట కన్నా చాలా ఎక్కువవుతుంది, అది కొత్తవాళ్లకు భారమే. నేను అన్నీ సేల్‌లోనే కొన్నాను, అలాగే కొనమంటాను. 2023లో వచ్చిన టూర్స్ అండ్ టోర్నమెంట్స్ నాకు బాగా నచ్చింది. అంతకుముందు రాజు ఎక్కడికి వెళ్లినా కాగితం మీద వెళ్లినట్టుండేది. దీని తర్వాత నిజంగా దారి పట్టి వెళ్లాలి, దారిలో అపాయాలుంటాయి, రాజ్యంలో తిరుగుతూ సామంతుల ఇళ్లలో దిగొచ్చు, కూతురి పెళ్లి ఘనంగా చేయొచ్చు. 2024లో వచ్చిన రోడ్స్ టు పవర్‌తో భూమి అంతా పోయినా ఆట ఆగదు. గుడారం, నలుగురు నమ్మకస్తులు, కూలికి యుద్ధాలు చేసుకుంటూ దేశాలు తిరగొచ్చు. గద్దె పోగొట్టుకున్న నా రాజు ఒకడు ఇలా పద్దెనిమిదేళ్లు తిరిగి, సిసిలీలో ఒక చిన్న కౌంటీ సంపాదించాడు. 2022 నాటి రాయల్ కోర్ట్‌లో కొలువు హాలు చూడ్డానికి అందంగా ఉంది, కానీ ఫిర్యాదుదారులు ఒకే రకం మాటలు చెప్తారు. మొదట కొనాల్సింది అది కాదు. లెజెండ్స్ ఆఫ్ ది డెడ్‌తో మహమ్మారులు వచ్చాయి. కోట తలుపులు మూసుకుని, ఎవరినీ రానీయకుండా నెలల తరబడి కూర్చోవాలి. 2020, 21 చూసినవాళ్లకు ఆ భాగం ఆడుతుంటే గుండె బరువెక్కుతుంది. నల్ల తెగులు, అంటే ఆనాటి ప్లేగు, మ్యాప్ మీద తూర్పు నుంచి నల్లగా పాకుతూ వస్తుంటే మనవల వయసులు లెక్కబెట్టుకున్నాను.

ఇక మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: ఇందులో మనం ఉన్నామా? ఉన్నాం. తెలుగు ఒక సంస్కృతిగా ఉంది, కృష్ణా గోదావరి తీరాలు మ్యాప్‌లో ఉన్నాయి, శైవం, వైష్ణవం, జైనం వేర్వేరుగా ఉన్నాయి, ఏనుగుల దళాలున్నాయి. సొంతంగా పాత్రను తయారుచేసుకునే సౌకర్యం ఉంది కాబట్టి 1066లో వేంగి వైపు నా సొంత రాజునొకణ్ణి పెట్టుకుని ఆడాను. చుట్టూ చూస్తే దక్షిణాన చోళులు, పశ్చిమాన కల్యాణి చాళుక్యులు. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నలిగే చిన్నవాడి ఆట, ఐర్లాండ్ కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఆడుతున్నంతసేపూ నాకు అసలు చరిత్రే గుర్తొచ్చింది. రాజమహేంద్రవరంలో నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు రాజేంద్రుడు 1070లో తల్లి పుట్టింటి గద్దె ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. వేంగి చాళుక్యుల బిడ్డ తంజావూరు వంశానికి రాజయ్యాడు. ఒక్క కత్తితో జరిగిన పని కాదది, ఒక పెళ్లి తర్వాతి తరంలో ఇచ్చిన ఫలితం. పారడాక్స్ వాళ్లు ఈ ఆట నియమాలు రాసుకున్నది ఐరోపాను చూసే కావొచ్చు. కానీ ఆ నియమాలు మన వేంగికి ఎంత సరిగ్గా అతుకుతాయో చూస్తే ఒళ్లు పులకరించింది.

రుద్రమదేవి విషయంలోనూ ఇంతే. కూతురే వారసురాలైనప్పుడు ఆటలో పెళ్లి రెండు రకాలు. మామూలు పెళ్లి చేస్తే పుట్టిన పిల్లలు అల్లుడి వంశానికి వెళ్లిపోతారు, మీ వంశం అక్కడితో ఆగుతుంది. మాట్రిలినియల్ పెళ్లి చేస్తే పిల్లలు తల్లి వంశానికే చెందుతారు. ఈ రెండోదాన్ని అర్థం చేసుకోడానికి నా స్నేహితులు కొందరు బెంగళూరులో తంటాలు పడుతుంటే ఒక్క మాటలో చెప్పాను: ఇల్లరికం. అందరికీ వెలిగింది. చరిత్రలో రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని కాకతీయ గద్దెకు వారసుణ్ణి చేశారు. వారసత్వం చిక్కుపడినప్పుడు ఓరుగల్లులో పట్టిన దారి అది. ఆటలో నా రాణికి గొప్పింటి అల్లుడు ఒక్కడూ ఇల్లరికానికి ఒప్పుకోలేదు. చివరికి మా కొలువులోనే ఉన్న, భూమి లేని మంచి యోధుడొకణ్ణి ఒప్పించాను. నాలుగు తరాలు నిలబడ్డాం.

అయితే భారతదేశంలో ఆట పలచనగా ఉందన్నది నిజం. గుళ్ల ఆర్థిక వ్యవస్థ లేదు, చెరువులు తవ్వించడం, అగ్రహారాలు ఇవ్వడం, వర్తక సంఘాలు, ఇవేవీ లేవు. కాకతీయుల పాలన అంటే చెరువులు కదా. రామప్ప, పాఖాల చెరువులు తవ్వించిన వంశాన్ని ఆడుతూ ఒక్క చెరువు తవ్వించలేకపోవడం నాకు లోటుగా ఉంది. నార్స్ (వైకింగ్) వాళ్లకు, ఇబీరియాకు (స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం), పర్షియాకు, స్టెప్పీ గుర్రపు తెగలకు విడివిడిగా విస్తరణలు వచ్చాయి. మనకు అంత లోతైనది ఇంకా రాలేదు. వస్తే మొదటి రోజే పూర్తి ధర పెట్టి కొంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొన్ని మాటలు. ఆటలో తెలుగు లేదు, హిందీ కూడా లేదు. చదవాల్సింది చాలా ఉంటుంది, ఇంగ్లీషు చదవడం ఇబ్బందైతే కష్టమే. కానీ అర్థం కాని పదం మీద మౌస్ పెడితే వివరణ వస్తుంది, ఆ వివరణలోని పదం మీద పెడితే ఇంకో వివరణ వస్తుంది. నేను నేర్చుకున్నది ఎక్కువగా అలాగే. ఆటను ఎప్పుడైనా ఆపి నిదానంగా ఆలోచించుకోవచ్చు, తొందరేమీ లేదు. నా పాత 8 జీబీ లాప్‌టాప్‌లో 1200 దాటాక రోజులు నత్తలా నడిచేవి. 16 జీబీకి మారాక హాయిగా ఉంది. ఐరన్‌మ్యాన్ పద్ధతిలో ఒకే సేవ్ ఉంటుంది, వెనక్కి వెళ్లడం కుదరదు. మొదటి ఆటకే అది పెట్టుకోకండి, రెండో ఆటకు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. చేసిన తప్పుతో పాటు బతకడంలోనే దీని రుచి ఉంది.

రాజు యాభై దాటగానే జీవనశైలిని (రాజు దేని మీద శ్రద్ధ పెడతాడన్నది) లెర్నింగ్‌కు, అంటే విద్యకు మార్చి, ఆరోగ్యం పెంచే పెర్కుల (ఒక్కోటిగా సంపాదించుకునే సామర్థ్యాల) చెట్టులో నో దైసెల్ఫ్ అనేది తీసుకోండి. సహజ మరణమైతే ఇంచుమించు ఏడాది ముందు ఆట కబురు చెప్తుంది. ఆ ఏడాదిలో చేయాల్సినవి చేసుకోవచ్చు. అప్పులు తీర్చడం, జరుగుతున్న యుద్ధం ముగించడం, పెద్దవాడికి బలమైన వియ్యంకుణ్ణి చూడటం, సామంతులకు తలా కాస్త బహుమతి పంపడం.

ప్రస్తుతం నా ఆట 1131లో ఉంది. మళ్లీ ముర్‌హాద్‌తోనే మొదలుపెట్టాను. మూడో తరం రాజు డోనల్‌కు అరవై రెండేళ్లు, పోయిన వారమే ఆ కబురు వచ్చింది. ఐర్లాండ్ కిరీటం ఎప్పుడో చేతికొచ్చింది. కొడుకులు ఇద్దరు. చిన్నవాణ్ణి ఆశ్రమానికి వెళ్లమని అడగొచ్చు, వెళ్తాడు కూడా, తండ్రంటే ప్రాణం వాడికి. నేను అడగలేదు. వేల్స్ తీరంలో కొత్తగా గెలిచిన రెండు కౌంటీలు వాడి పేర రాసి, అన్నదమ్ములిద్దర్నీ ఒక వేటకు పంపాను. వాళ్లింకా తిరిగి రాలేదు. అక్కడే ఆటను ఆపి పెట్టాను, శనివారం మళ్లీ తెరుస్తాను.